లక్షన్నర కెమెరాలో ఆకుపచ్చ చుక్క

హనుమకొండ

ప్రియమైన పిల్లలూ,

లక్షన్నర పోసి కొన్న కెమెరాకు స్క్రీన్ లోపంతో ఎలా వస్తుంది, ఫ్యాక్టరీలో ఎవరూ చూడరా అని మీలో చాలామంది అడుగుతున్నారు. పెళ్లి ఫోటోలు నేర్చుకుంటున్నవాళ్లు, కాలేజీలో చదువుతూ ఆదివారం వస్తే రామప్పకో పాకాలకో కెమెరా మెడలో వేసుకుని పోయేవాళ్లు, అందరిదీ అదే ప్రశ్న. చాలా ఏళ్లుగా కెమెరాలు విప్పి బాగుచేస్తున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. కొంచెం లెక్క ఉంటుంది. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

ఈమధ్య ఒక అమ్మాయి కొత్త కెమెరా పట్టుకొచ్చింది. వాళ్లమ్మ మహిళా సంఘంలో లోను తీసి కొనిచ్చింది. స్క్రీన్ కింద ఎడమ మూల ఒక ఆకుపచ్చ చుక్క. తెల్లగోడ వైపు తిప్పితే కనిపించదు. లెన్సుకు మూత పెట్టగానే నల్లటి తెర మీద అదొక్కటే వెలుగుతూ కంట్లో పడుతుంది. సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే "ఇది లిమిట్‌లోనే ఉందమ్మా, లోపం కింద రాదు" అని పంపించేశారట. లిమిట్ అంటే ఎంత, దాన్ని ఎవరు పెట్టారు అని అడిగితే జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆ పిల్ల ముఖం చూసి నాకు చాలా బాధ కలిగింది.

నా బల్ల మీద పెద్ద భూతద్దం కింద ఆ స్క్రీన్ పెట్టి చూపించాను. మామూలు కంటికి తెల్లగా కనిపించే చోట నిజానికి తెలుపు లేనే లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఇలా సన్నటి గీతలు వరసగా ఉంటాయి. మూడు కలిస్తే ఒక పిక్సెల్. వెనక తెల్లటి లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని ముందు ద్రవ స్ఫటికాల పొర, అందుకే ఈ తెరను ఎల్‌సీడీ అంటారు. ప్రతి రంగు గీతకూ ఒక బుల్లి ట్రాన్సిస్టర్ ఉండి, అక్కడ ఎంత వెలుగు బయటికి పోవాలో నిర్ణయిస్తుంది. ఆ ట్రాన్సిస్టర్ చెడి వెలుగును వదులుతూనే ఉంటే మనకు ఆరని చుక్క కనిపిస్తుంది. వెలుగును పూర్తిగా ఆపేస్తే అక్కడ నల్లచుక్క మిగులుతుంది. ఆ అమ్మాయి కెమెరాలో చెడిపోయింది ఒకే ఒక్క ఆకుపచ్చ గీత. దాని పక్కన ఎరుపూ నీలమూ చక్కగా పనిచేస్తున్నాయి. అందుకే తెల్లటి బొమ్మలో అది దాక్కుంటుంది, నలుపులో బయటపడుతుంది.

కెమెరా వెనక తెర అన్నది పెద్ద పాత సంగతేమీ కాదు. మామూలు జనం కొనుక్కునే డిజిటల్ కెమెరాకు ఎల్‌సీడీ తెర మొదట పెట్టింది కాసియో కంపెనీ, 1995లో, క్యూవీ-10 అనే మోడల్‌కు. 1.8 అంగుళాల తెర అది. 2007లో నికాన్ డీ3, డీ300 వచ్చేసరికి అది 3 అంగుళాలకు పెరిగింది, చుక్కలు, అంటే ఇందాక చెప్పిన రంగు గీతలు, 9 లక్షలు దాటాయి. అసలు చిక్కు ఆ చుక్కల సంఖ్యలోనే ఉంది.

అడ్డం 640, నిలువు 480 పిక్సెళ్లు, ఒక్కోదానికి మూడు రంగులు. గుణించండి: 9,21,600 చుక్కలు. కేనన్, నికాన్ మాన్యువళ్లలో స్క్రీన్ గురించి ఒక వాక్యం ఉంటుంది, ఎవరూ చదవరు. తెరలో 99.99 శాతం పిక్సెళ్లు సరిగా పనిచేస్తాయని, 0.01 శాతం వరకు చెడినవి ఉండొచ్చని, దాన్ని లోపంగా చూడకూడదని దాని సారాంశం. 99.99 అంటే వినడానికి ఎంత బాగుంది! పరీక్షలో అన్ని మార్కులు వస్తే ఊరంతా స్వీట్లు పంచుతాం. ఇక్కడ మాత్రం లెక్క వేయండి. 9,21,600లో 0.01 శాతం అంటే 92 చుక్కలు. పిక్సెళ్ల లెక్కన చూసినా 30. ఇప్పటి కెమెరాల్లో 21 లక్షల చుక్కల తెరలు వస్తున్నాయి, వాటికైతే 210. నిజంగా 92 చుక్కలు చెడిన తెరను ఏ కంపెనీ కూడా డబ్బాలో పెట్టి అమ్మదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గొడవ వచ్చినప్పుడు కంపెనీ చూపించేది ఆ వాక్యాన్నే. ఒక్క చుక్క పట్టుకుని పోయిన పిల్లకు "లిమిట్‌లోనే ఉంది" అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

కంపెనీవాళ్లు ఆ వాక్యం ఎందుకు రాసుకున్నారో కూడా చెప్పాలి, లేకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టు అవుతుంది. పది లక్షల చుక్కలు చేస్తే ఒక్కటే చెడేంత గొప్ప ఫ్యాక్టరీ ఉందనుకుందాం. అలాంటి ఫ్యాక్టరీలో 9,21,600 చుక్కల తెరలు వంద చేస్తే, ఒక్క చుక్క కూడా చెడనివి దాదాపు 40 మాత్రమే వస్తాయి. మిగతా 60 తెరల్లో కనీసం ఒక చుక్క పోతుంది. వందకు 99 తెరలు మచ్చ లేకుండా రావాలంటే తొమ్మిది కోట్ల చుక్కలకు ఒకటి మించి చెడకూడదు. కాబట్టి లోపం పుట్టడం ఎవరి పాపమూ కాదు. పుట్టినదాన్ని గేటు దాటనివ్వకుండా పట్టుకోవడమే క్వాలిటీ కంట్రోల్ చేయాల్సిన పని. మనం కట్టే పెద్ద ధరలో ఆ కాపలా ఖర్చు కూడా ఉందని మనం నమ్ముతాం. ఆ నమ్మకం వమ్మైనప్పుడు కోపం రావడం న్యాయమే.

మరి ఆ కాపలా ఎలా ఉంటుంది? ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్లో ఒకసారి పోయి చూడండి. యార్డు నిండా బస్తాలే. ఖరీదుదారు ప్రతి కాయనూ చూడడు. బస్తా మూతి విప్పి, లోపలికి చేయి పోనిచ్చి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు, తేమ, తాలు ఎంత కలిసిందీ చూసి ధర చెబుతాడు. విడిభాగాలు కొనే ఫ్యాక్టరీల్లోనూ ఇదే పద్ధతి. వెయ్యి తెరలు దిగితే అందులో కొన్ని తీసి పరీక్షిస్తారు. ఎన్ని తీయాలి, ఎన్ని చెడితే సరుకు వెనక్కి పంపాలి అన్నదానికి అంతర్జాతీయ పట్టికలే ఉన్నాయి.

ఈ పద్ధతిలో ఉన్న కంత ఎక్కడో చూడండి. వెయ్యి తెరల్లో 20 చెడ్డవి ఉన్నాయి. మనం 20 తెరలు తీసి చూశాం. ఆ 20లో ఒక్క చెడ్డదీ తగలకపోయే అవకాశం మూడింట రెండు వంతులు! అంటే మూడుసార్లలో రెండుసార్లు ఆ సరుకు "ఓకే" ముద్ర వేయించుకుని లోపలికి పోతుంది. అందుకని కెమెరా బిగించాక చివర్లో మళ్లీ ఒక్కొక్కటే వెలిగించి చూడాలి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు వరసగా వేసి, చీకటిగా ఉన్న చోట నిదానంగా చూడాలి. ఇందుకు మనిషి కావాలి, సమయం కావాలి, రెండింటికీ డబ్బు కావాలి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు చాలాచోట్ల ముందు కత్తిరించేది ఈ నిదానాన్నే.

మీలో లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఒక మాట. నాణ్యతను అంచనాతో కాకుండా గణాంకాలతో పట్టుకోవచ్చని 1924లో దారి చూపినవాడు అమెరికాలో వాల్టర్ షూహార్ట్. స్వాతంత్య్రం వచ్చిన రోజుల్లో, 1947-48లో, మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు ఆయన్ను మన దేశానికి పిలిపించారు. మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే మన తెలుగువాడు సి.ఆర్. రావు గారు నలభై ఏళ్లు పనిచేశారు. 102 ఏళ్ల వయసులో, 2023లో, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఆ సంస్థ శాఖ హైదరాబాద్ హబ్సిగూడలో ఉంది. క్వాలిటీ కంట్రోల్ అంటే ఫ్యాక్టరీలో టిక్కులు పెట్టే చిన్న ఉద్యోగం అనుకోకండి. మీలో ఎవరైనా ఆ చదువు వైపు పోతే నాకు చాలా సంతోషం.

ఇక రెండో సంగతి. ఫ్యాక్టరీలో ఎంత బాగా చూసినా, ఆ రోజుకు ఇంకా పుట్టని లోపాలు ఉంటాయి. 2005లో కేనన్, నికాన్, ఫుజీఫిల్మ్, ఓలింపస్, కోనికా మినోల్టా ఇలా ఎన్నో కంపెనీల కెమెరాలు ఒకే జబ్బు పడ్డాయి. తెర మీద బొమ్మ వంకర్లు పోవడం, లేదంటే అసలు రాకపోవడం. చూసినవాళ్లకు స్క్రీన్ పోయిందనిపిస్తుంది. అసలు జబ్బు లెన్సు వెనక బొమ్మను పట్టే సెన్సర్‌ది. వాటన్నిటిలో ఉన్నవి సోనీ చేసిన సీసీడీ రకం సెన్సర్లు, వాటి లోపలి సన్నటి తీగల అతుకు ఊడిపోతోంది. వేడి, తేమ ఎక్కువున్న చోట్ల ఆ జబ్బు ఎక్కువ. కంపెనీలు ఉచితంగా బాగుచేసి ఇచ్చాయి. పైన పేర్లు వేరైనా లోపలి ముక్క ఒకే చోటి నుంచి వస్తే అందరూ ఒకేసారి మునుగుతారని అప్పుడు తెలిసింది.

ధర ఎక్కువైతే లోపం ఉండదన్న భ్రమ ఉన్నవాళ్ల కోసం లైకా అనే ఖరీదైన కెమెరాల కంపెనీ సంగతి కూడా చెబుతాను. 2009లో దాదాపు 7,000 డాలర్లకు వచ్చిన ఎం9 కెమెరాలో సెన్సర్ మీది గాజుకు కొన్నాళ్లకు తుప్పు లాంటి మచ్చలు పట్టాయి. అమ్మిన రోజున ఎంత వెతికినా ఆ మచ్చ దొరకదు. కంపెనీ 2014లో బాధ్యత ఒప్పుకుని ఉచితంగా మార్చడం మొదలుపెట్టింది. 2012లో కేనన్ 5డీ మార్క్ 3 విషయంలో ఇంకో వింత జరిగింది. బాగా చీకట్లో పైనున్న చిన్న తెర లైటు వేస్తే, ఆ వెలుగు లోపలికి చేరి వెలుతురు కొలిచే సెన్సర్‌ను తికమక పెట్టేది. తెర బాగానే ఉంది, సెన్సరూ బాగానే ఉంది, రెంటి మధ్య వెలుగు దూరే సందు ఉంది. కంపెనీ ఆ సంగతి ప్రకటించి సరిచేసింది. అలా బయటికి చెప్పిన కంపెనీ మీద నాకు గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

మన దగ్గర ఎండ సంగతి మరీ ముఖ్యం. చాలా కెమెరాల మాన్యువల్‌లో 0 నుంచి 40 డిగ్రీల వరకే వాడమని ఉంటుంది. మే నెలలో రామగుండం వైపు 44, 45 డిగ్రీలు మామూలే, తలుపులు మూసిన కారులో ఇంకా ఎక్కువ. బాగా వేడెక్కితే ఎల్‌సీడీ తెర నల్లబడుతుంది. నీడకు తెచ్చి చల్లారనిస్తే మామూలుగా అవుతుంది, టెన్షన్ పడి విప్పించకండి. తెర బయటికి తిప్పుకునే మోడళ్లలో మడత దగ్గర ఒక పల్చటి రిబ్బన్ ఉంటుంది. తెరను ఒక కోణంలో తిప్పితే వెలిగి ఇంకో కోణంలో ఆరిపోతుంటే అనుమానం ఆ రిబ్బన్ మీదే.

కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. దుకాణంలోనే, స్క్రీన్ గార్డ్ వేయకముందే చూడండి. లెన్సుకు మూత పెట్టి ఒక ఫోటో, తెల్లకాగితం నిండా వచ్చేలా ఫోకస్ లేకుండా ఇంకో ఫోటో తీయండి. నల్లటి ఫోటోలో వెలిగే చుక్కలు, అంచుల్లో కారే వెలుగు బయటపడతాయి. తెల్లటి ఫోటోలో నల్లచుక్కలు, పసుపు నీడలు పడిన చోట్లు కనిపిస్తాయి. చుక్క కనిపిస్తే ఆ ఫోటోను పెద్దది చేసి పక్కకు జరపండి. బొమ్మతో పాటు చుక్క కూడా జరిగితే అది సెన్సర్‌ది. బొమ్మ జరిగినా చుక్క ఉన్నచోటే ఉంటే అది తెరది. సర్వీస్ సెంటర్‌లో ఈ మాట తేల్చి చెప్పగలిగితే సగం వాదన అక్కడే తీరిపోతుంది. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్‌ను కూడా ఇలాగే చూడాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

బిల్లు లేకుండా ఏదీ కొనకండి. జీఎస్టీ తగ్గుతుందని ఆశపెట్టినా సరే. బిల్లు మీద, డబ్బా మీద, కెమెరా అడుగున సీరియల్ నంబరు ఒకటేనా చూసుకోండి. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని అనడం కూడా అంతే. చట్టంలో లోపం అన్నదానికి అర్థం చాలా విశాలం. అమ్మేవాడు చెప్పిన నాణ్యత లేకపోయినా అది లోపమే. నేను చెప్పిన ఆ అమ్మాయి ఈ సంగతులన్నీ తేదీతో సహా కాగితం మీద రాసి, ఫోటోలు జతచేసి దుకాణానికి ఇచ్చింది. వాళ్లు వేరే పీసు ఇచ్చారు. అలా ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. అవసరమైతే వస్తువును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది.

పాత మోడల్ చవకగా దొరుకుతోందని తొందరపడేవాళ్లు దాని డిస్‌ప్లే ఇంకా దొరుకుతుందా అని ముందు అడగండి. 2010లో ప్రపంచమంతా కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చాయి. 2023లో 80 లక్షలు కూడా రాలేదు. తక్కువ చేసే వస్తువుకు విడిభాగాలూ తక్కువే దాచిపెడతారు. బాడీ నిక్షేపంగా ఉండి, తెర దొరక్క మూలన పడిన కెమెరాలు నా దగ్గరే ఉన్నాయి.

దసరా తర్వాత ముహూర్తాలకు కెమెరా కొనాలనుకుంటున్నవాళ్లు మొదటి ఆర్డరుకు కనీసం రెండు వారాల ముందు కొనండి. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో బలహీనమైన ముక్కలు చాలావరకు మొదట్లోనే పోతాయి. ఆ రెండు వారాలూ రోజూ గంటసేపు వాడండి, తెరను అన్ని వైపులా తిప్పండి, వీడియో కూడా తీసి వేడెక్కనివ్వండి. పోయేదేదో ఉంటే మీ ఇంట్లో పోవాలి, తాళి కట్టే సమయంలో పోకూడదు.

మీ తాత