ముక్కు దిబ్బడ మాత్రలో మందెంత?

మెడికల్ షాపులో "జలుబు మాత్రలు నాలుగు" అంటే కౌంటర్ మీది కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు. పేరు సగం మన చేతికొస్తుంది, మిగతా సగం షాపులోనే ఉండిపోతుంది. వెనక సన్న అక్షరాల్లో ఏముందో చదివే వీలే ఉండదు. ఈసారి పూర్తి స్ట్రిప్పు కొన్నప్పుడు తిప్పి చూడండి. సినారెస్ట్ కానివ్వండి, చెస్టన్ కోల్డ్ కానివ్వండి, పారాసిటమాల్‌తో, అలర్జీ మందుతో పాటు ఇంకో పేరు కనిపిస్తుంది: ఫెనైలెఫ్రిన్, 10 మిల్లీగ్రాములు. ముక్కు దిబ్బడ విడిపించే బాధ్యత దానిదే.

నోటి ద్వారా వేసుకుంటే అది ఆ పని చేయదని 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ తేల్చేసింది. ఓటేసిన 16 మందిదీ ఒకటే మాట. 2024 నవంబరులో దాన్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. ప్రమాదమని కాదు, పనిచేయడం లేదని. మరి ఇన్నేళ్లు అందరి ఇళ్లలోకి ఎలా వచ్చింది?

1962కు ముందు అమెరికాలో మందు హాని చేయదని చూపిస్తే చాలు, పనిచేస్తుందని నిరూపించే అవసరం లేదు. చట్టం మారాక, అప్పటికే అమ్ముడవుతున్న మందుల్ని 1972 నుంచి ఒక్కొక్కటిగా పరిశీలించడం మొదలుపెట్టారు. ఫెనైలెఫ్రిన్‌కు 1976లో నిపుణుల బృందం సరే అంది. ఆ బృందం చూసిన అధ్యయనాలు చాలా చిన్నవి, ఎక్కువ భాగం కంపెనీలు చేయించుకుని ప్రచురించనివి. కొన్నిట్లో పనిచేసింది, కొన్నిట్లో లేదు. పనిచేసిందన్న వాటిలో ఎక్కువ న్యూజెర్సీలోని ఎలిజబెత్ అనే ఊళ్లోని ఒకే ల్యాబ్ నుంచి వచ్చాయి. వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితాలు రాలేదు. దశాబ్దాల తర్వాత ఎఫ్‌డీఏ వాళ్లే ఆ అంకెల్ని మళ్లీ తీసి చూసి, నమ్మలేనంత చక్కగా ఉన్నాయని అనుమానపడ్డారు.

అయినా చాలాకాలం ఇది వెనక బెంచీ మందే. ముందు వరుసలో ఇంకో రెండు ఉండేవి. మొదటిది ఫెనైల్‌ప్రొపనోలమైన్. మెదడులో రక్తస్రావానికి దీనికీ సంబంధం ఉందని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చెప్పడంతో 2000లో అమెరికా దాన్ని పక్కన పెట్టించింది. మన ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో నిషేధించింది. రెండోది సూడోఎఫెడ్రిన్. ఇది నిజంగా పనిచేస్తుంది. దాని చిక్కల్లా ఏంటంటే, దీంతో మెత్ అనే మత్తుమందు వండేవాళ్లు తయారయ్యారు. 2006లో అమెరికా చట్టం చేసి దాన్ని కౌంటర్ వెనక్కి పంపింది. ఇప్పటికీ అక్కడ కొనాలంటే ఐడీ కార్డు చూపించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. జలుబు మాత్రకు సంతకమా అని అక్కడి మనవాళ్లు మొదట్లో నోరు వెళ్లబెడతారు.

అరలు ఖాళీ అయితే కంపెనీలు ఊరుకోవు. ఏ గొడవా లేని ఫెనైలెఫ్రిన్‌ను తెచ్చి పెట్టాయి. సూడోఎఫెడ్రిన్ మాత్రల బ్రాండు సూడాఫెడ్ పేరుకే పీఈ అని తోక తగిలించి కొత్త డబ్బా వదిలారు. పాత మందు వాడిన జనం పేరు చూసి కొత్తది కొన్నారు. 2022లో ఒక్క అమెరికాలోనే దీని అమ్మకాలు దాదాపు 180 కోట్ల డాలర్లు.

దీన్ని వదలకుండా వెంటాడింది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫార్మసీ అధ్యాపకులు లెస్లీ హెండెలెస్, రాండీ హాటన్. 2007లో వాళ్లు ఎఫ్‌డీఏకు అర్జీ పెడితే, అప్పటి కమిటీ పెద్ద మోతాదుతో పరీక్షలు చేసి చూడమంది. తర్వాత మెర్క్ అనే మందుల కంపెనీ డబ్బుతోనే సీజనల్ అలర్జీ ఉన్న 539 మంది మీద అధ్యయనం జరిగింది. 10 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. డమ్మీ మాత్రకూ దీనికీ తేడా కనపడలేదు. 2015లో హెండెలెస్, హాటన్ మళ్లీ అర్జీ పెట్టారు. కమిటీ ఓటు దాకా రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

అసలు కిటుకు పేగుల్లో ఉంది. ఫెనైలెఫ్రిన్ రక్తనాళాల్ని బిగించే మందు, అందులో అనుమానం లేదు. ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోతే దాన్నే ఇంజెక్షన్‌గా ఇస్తారు. కానీ మింగినప్పుడు పేగు గోడే దాన్ని విరిచేస్తుంది. 38 శాతం రక్తంలోకి చేరుతుందని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. ఆ లెక్కలో విరిగిపోయిన ముక్కల్ని కూడా కలిపేశారు. పనిచేసే రూపంలో చేరేది ఒక శాతం కూడా లేదు.

మరి మాత్ర వేసుకోగానే హాయిగా ఉంటుంది కదా అంటారా? తలనొప్పి, ఒళ్లునొప్పులు పారాసిటమాల్ తగ్గిస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు ముక్కు కారడాన్ని కొంత ఆపి, మత్తుగా నిద్రపుచ్చుతుంది. ఈలోగా జలుబు దాని దారిన అది పోతుంది. పేరు మాత్రం మాత్రకొస్తుంది. దుమ్ము, పుప్పొడి అలర్జీలకు సెట్రిజిన్ బాగానే పనిచేస్తుంది, తుమ్ములు ఆగుతాయి, దురద తగ్గుతుంది. దిబ్బడ దగ్గర మాత్రం అదీ అంతంతమాత్రమే. ముక్కులో వేసుకునే జైలోమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో దారి తెరుస్తాయి కానీ, వారం దాటి వాడితే అవే దిబ్బడ తెచ్చిపెడతాయి.

మన దగ్గర 2023 డిసెంబరులో వచ్చిన ఆదేశం పసిపిల్లల గురించి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు వాళ్లకు వాడొద్దని లేబుల్ మీద రాయమన్నారు.

మొన్న మా వీధి చివరి షాపులో, ఫెనైలెఫ్రిన్ లేని జలుబు మాత్ర ఉందా అని అడిగాను. కుర్రాడు నాలుగు స్ట్రిప్పులు తిప్పి చూశాడు. "అన్నిట్లో అదే ఉంది సార్" అని, ఉత్త పారాసిటమాల్ కత్తిరించి ఇచ్చాడు.