తోక స్పార్‌లో పగులు: అపోహలు - వాస్తవాలు

చంద్రాపూర్ జిల్లాలోని ఘుగ్గుస్, రాజురా, బల్లార్షా గనుల వర్క్‌షాపుల్లో మన తెలుగువాళ్ల చేతికి లొంగని యంత్రం తక్కువ. డంపర్ ఛాసీ పగిలినా, షావెల్ బకెట్ చీలినా షిఫ్టు ముగిసేలోపు నిలబెడతారు. కిట్ తెచ్చి సొంతంగా కట్టుకున్న చిన్న విమానం తోకలోని స్పార్‌లో (తోకకు వెన్నెముకలా అడ్డంగా ఉండే దూలంలో) పగులు కనబడినా సాయానికి వచ్చేది ఆ చేతులే. చిక్కల్లా ఇనుము దగ్గర పడిన అలవాట్లతోనే. కింద రాసినదంతా రివెట్లతో కట్టిన అల్యూమినియం తోకల గురించి. చెక్క తోకల లెక్క వేరు.

అపోహ: పగులు మీద ఆర్గాన్ వెల్డింగ్ కొడితే సరి.

వాస్తవం: ఈ స్పార్ల రేకు సాధారణంగా 2024-టీ3 అనే అల్యూమినియం మిశ్రమం. అందులో రాగి ఎక్కువ. ఆర్క్ కింద కరిగి చల్లారేటప్పుడే మళ్లీ పగులుతుంది. ఒకవేళ అతుకు నిలిచినా, పక్క రేకు ఆ వేడికి తన టెంపర్ (తయారీలో వచ్చిన గట్టిదనం) పోగొట్టుకుని బలహీనపడుతుంది. రివెట్లతో డబ్లర్ (పగులు మీద బలానికి వేసే రేకు ముక్క) వేయాలి, కుదరకపోతే స్పార్ మార్చాలి.

అపోహ: మాగ్నెటిక్ పౌడర్ పరీక్షలో (లోహాన్ని అయస్కాంతంలా చేసి, ఇనుప పొడి చల్లి పగులు వెతికే పరీక్షలో) ఏమీ రాలేదు కాబట్టి పగులు లేదు.

వాస్తవం: అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టదు. ఆ పరీక్ష చేసినా చేయనట్టే.

అపోహ: ఎర్ర డై (పగుళ్లలోకి దిగే రంగు ద్రవం) కొట్టి తెల్ల డెవలపర్ (దాన్ని పైకి లాగి చూపించే పొడి) చల్లితే, పగులుంటే అదే బయటపడుతుంది.

వాస్తవం: ముందు పని చెడగొడితే ఏదీ బయటపడదు. వైర్ బ్రష్‌తోనో ఇసుక కాగితంతోనో పెయింట్ గీకితే, మెత్తటి అల్యూమినియం పగులు నోటి మీదికి పరుచుకుని దాన్ని మూసేస్తుంది. కెమికల్ రిమూవర్‌తోనే పెయింట్ తీయాలి. అది షీట్ల సందుల్లోకి దిగకుండా చుట్టూ టేపు వేయాలి. తర్వాత సాల్వెంట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

ఇక వేడి. మామూలు డైకి లోహం 5 నుంచి 52 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో చంద్రాపూర్‌లో గాలే 45 దాటుతుంది. ఎండలో నిలబెట్టిన షీటు మీద చెయ్యి ఆనదు. అక్కడ డై పగులులోకి దిగకముందే ఎండిపోతుంది. తెల్లవారుజామున, నీడలో చేయండి. డై కనీసం 10 నిమిషాలు ఉండాలి. వెంట్రుకంత సన్నటి ఫెటీగ్ పగులు (పదేపదే పడే భారానికి వచ్చేది) అనుమానం ఉంటే 20 నుంచి 30 నిమిషాలు. మధ్యలో ఆరిపోతే మొత్తం కడిగి మొదటికి రావాలి. తుడిచేటప్పుడు ముందు పొడిగుడ్డ, తర్వాత సాల్వెంట్‌తో కాస్త తడిపిన గుడ్డ. క్యాన్ పట్టుకుని సాల్వెంట్ నేరుగా కొట్టేవాళ్లు పగులులోని డైని కూడా కడిగేస్తున్నారు. డెవలపర్ పలుచగా వేసి మొదటి నిమిషం నుంచే చూస్తూ ఉండండి, 10 నిమిషాల తర్వాత తేల్చండి. రివెట్టు తల చుట్టూ ఎర్ర వలయం వస్తే కంగారుపడొద్దు, తల కింది సందులో డై నిలిచి అలా వస్తుంది. వలయం నుంచి గీత బయటికి పాకితే మాత్రం అది పగులే అనుకుని ముందుకెళ్లాలి.

ఎక్కడ చూడాలి? హారిజాంటల్ స్టెబిలైజర్ (తోకలోని అడ్డ రెక్క) ముందు స్పార్, ఫ్యూజలాజ్‌కు (విమానం ఒడలికి) బిగించే చోట. ఫ్లాంజ్ (స్పార్ పై, కింది అంచుల్లో మడిచిన భాగం) వంపు ఆగి గాడి మొదలయ్యే మూల ముఖ్యం. ఆ గాడి అంచును నున్నగా చేయకుండా వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది. కిట్ విమానాలు తయారుచేసే వాన్స్ సంస్థ 2014లో ఆర్‌వీ-6, 7, 8 రకాల ముందు స్పార్ పగుళ్ల మీద 14-01-31 నంబరు సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. ఆ విమానం ఉన్నవాళ్లు ఇంకేదీ చదవకముందు అది చదవాలి. మామూలు ఎగురుడులో తోక మీద భారం ఎక్కువగా కిందికే ఉంటుంది కాబట్టి సాగేది పై ఫ్లాంజ్. అలాగని కింది ఫ్లాంజ్‌ను వదలొద్దు. 10 రెట్ల లెన్స్ పట్టుకుని, టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా చూడాలి.

అపోహ: రివెట్ల వెనక నల్ల చార ఉంటే అది బొగ్గు దుమ్ము.

వాస్తవం: మన ఊళ్లలో ఈ మాట నమ్మబుద్ధేస్తుంది, అదే ప్రమాదం. వదులైన రివెట్టు రాపిడికి వచ్చే అల్యూమినియం పొడి కూడా నల్లగానే ఉంటుంది. శుభ్రంగా తుడిచి, రెండు మూడు సార్లు ఎగిరాక చూడండి. దుమ్మయితే షీటంతా సమంగా పడుతుంది. కొన్ని రివెట్ల వెనకే, గాలి పోయే దిక్కున తోకలా మళ్లీ వస్తే ఆ రివెట్లు కదులుతున్నాయి. వాటి భారం పక్కవాటి మీద పడుతోంది.

అపోహ: పగులు కొసన రంధ్రం పెడితే అక్కడితో ఆగుతుంది.

వాస్తవం: కంటికి కనబడే కొస అసలు కొస కాదు. డైతో కొస తేల్చుకుని, దానికి కాస్త ముందు 2.4 నుంచి 3.2 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, రెండు వైపులా బర్ (రంధ్రం అంచున లేచిన గరుకు) తీయాలి. ఇంత చేసినా వేగం తగ్గించడమే తప్ప బలం తిరిగి రాదు. పైన డబ్లర్ పడాల్సిందే. పగులు రివెట్టు రంధ్రంలోకో, తయారీదారు ఇచ్చిన హద్దు దాటో వెళితే ఆ స్పార్ పని అయిపోయింది.

అపోహ: డబ్లర్ ఎంత మందమైతే అంత మంచిది.

వాస్తవం: మరీ మందమైన ముక్క వేస్తే అది వంగదు, దాని అంచు దగ్గర పాత రేకు వంగుతుంది. కొత్త పగులు అక్కడ మొదలవుతుంది. అదే మిశ్రమం, అదే మందం, లేదంటే ఒక సైజు ఎక్కువ. 3.2 మిల్లీమీటర్ల రివెట్టయితే రంధ్రం మధ్య నుంచి అంచుకు కనీసం 6.4 ఉండాలి. కొట్టాక తయారయ్యే తల 4.8 వెడల్పు, 1.6 ఎత్తు. హార్డ్‌వేర్ షాపు పాప్ రివెట్లు వద్దు. గుర్తులు పెన్సిల్‌తో గీయొద్దు, గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది. సన్నటి మార్కర్ చాలు.

అపోహ: స్టెబిలైజర్‌ను బిగించే బ్రాకెట్‌కూ బల్క్‌హెడ్‌కూ (ఫ్యూజలాజ్ లోపలి అడ్డ చట్రానికీ) మధ్య సందు బోల్టు బిగిస్తే పోతుంది.

వాస్తవం: సందు పోతుంది, స్పార్ వంగి ఉండిపోతుంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మూల లాగుడులోనే ఉంటుంది. సందును ఫీలర్ గేజ్‌తో (సన్నటి కొలత రేకులతో) కొలిచి షిమ్ (సందు నింపే పలుచటి రేకు) వేయండి. విమానాలకు వాడే ఏఎన్3 సైజు బోల్టుకు బిగింపు 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు, ఏఎన్4కు 5.6 నుంచి 7.9. లాక్‌నట్ తిరగడానికే పట్టే బిగువును దీనికి కలపాలి.

అపోహ: ముక్కు చక్రం లేపి విమానం తిప్పడానికి స్టెబిలైజర్ మీద నొక్కితే ఏమీ కాదు.

వాస్తవం: చాలా పగుళ్లకు ఇదీ ఒక కారణం. నొక్కాల్సి వస్తే ఫ్యూజలాజ్ వెనక భాగంలో బల్క్‌హెడ్ రివెట్ల వరస మీద అరచేయి పెట్టి నొక్కండి.

డబ్లర్ వేశాక తూకం లెక్క మళ్లీ రాయాలి. 150 గ్రాములు 4 మీటర్ల వెనక పడితే 500 కిలోల విమానంలో గరిమనాభి దాదాపు 1.2 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. పని ఎలివేటర్‌దైతే (స్టెబిలైజర్ వెనక కదిలే భాగానిదైతే) దాని బ్యాలెన్స్ కూడా చూడాలి. అది తప్పితే ఫ్లట్టర్, అంటే గాలి వేగానికి ఆ భాగం అదుపు తప్పి ఊగిపోవడం. లాగ్‌బుక్‌లో పగులు పొడవు, కొసల చోటు, రివెట్ల సైజు, షిమ్ మందం రాసి, 10 గంటలు ఎగిరాక అదే మూల మళ్లీ డైతో చూడండి.