మాత్రలు ఆపి మా ల్యాబుకు రావద్దు: రొడాప్సిన్ల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న పాకాల నుంచి ఒక పెద్దాయన, మెదడు కణాలను వెలుగుతో చూసే మా ల్యాబు గేటు దాకా వచ్చినాడు. పక్కన తొమ్మిదేళ్ల మనవరాలు. బట్టల షాపు కవర్లో ఎమ్మారై ఫిల్ము. "మేడమ్, లైటేసి ఫిట్సు యాడ పుడతాయో చూస్తారంట గదా. మందు పడితే లైట్లో జబ్బు కనపడదంటే నాలుగు దినాలుగా మాత్రలు ఆపినాం." పాప నొసటి మీద కొత్త కట్టు. పొద్దున బస్టాండులో ఫిట్సొచ్చి పడిందంట.

ఈ పుకారు ఎవరు పుట్టించినారో గానీ, నా చెవిన పడడం ఇది మూడోసారి.

వాస్తవం వినండి. మేం చూసేది ఎలుక పిల్లల మెదడు నుంచి తీసి డిష్‌లో పెంచిన న్యూరాన్లను, అంటే నరాల కణాలను. రొడాప్సిన్లంటే వెలుగును పట్టే ప్రోటీన్లు. మేం వాడే ఆర్కిరొడాప్సిన్-3 (ఆర్క్) మృతసముద్రపు ఉప్పునీటి సూక్ష్మజీవిది. దాని జన్యువును వైరస్‌తో ఎక్కిస్తేనే ప్రోటీన్ న్యూరాన్ పొరలో కూర్చుంటుంది, వోల్టేజి పెరిగితే కొంచెం ఎక్కువ వెలుగుతుంది. జన్యువు ఎక్కించని మెదడు మీద ఎంత లేజరు కొట్టినా ఆ వెలుగు రాదు. బతికున్న ఎలుకలో చూడాలన్నా పుర్రెకు కిటికీ కోయాలి. మనుషులకు ఈ పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు. చేస్తామని ఎవరన్నా డబ్బడిగితే ఇవ్వొద్దు.

ఫిట్సు ఎక్కడ పుడతాయో చూసేదానికి తల మీద తీగలంటించి మెదడు కరెంటు గీతలు తీసే ఈఈజీ ఉంది, ఎమ్మారై ఉంది. వీడియో ఈఈజీకి వార్డులో పెట్టుకుని, కళ్ల ముందు కనిపెట్టుకుంటూ డాక్టర్లే మందు తగ్గించడం ఉంటుంది. ఆ మాటే తలా తోకా తెగి మా మీద పడినట్టుంది. ఇంట్లో మీ అంతట మీరు ఆపితే ఫిట్సు మీద ఫిట్సొచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క పూట కూడా ఆపొద్దు.

"తప్పు చేస్తినా తల్లీ" అన్నాడాయన, ఆటో ఎక్కిస్తుంటే. బిడ్డ బాగుపడాలని ఎవరేం చెప్పినా చేసే మనిషిని ఏమనేది? క్యాజువాల్టీ దాకా నేనూ పోయినా. ఆ రాత్రే మాత్రలు మళ్లా మొదలుపెట్టినారు.

మిగతావి గబగబా. బ్యాక్టీరియాను మెదడులోకి వదులుతారా? లేదు, ఆ సూక్ష్మజీవిది పోయేది జన్యువొకటే, వైరస్ మోసుకుపోతుంది. మనసులో మాట చదువుతారా? ఒక్క న్యూరాన్ చదివేసరికే మాకు తెల్లారుతోంది.

మా ఎమ్మెస్సీ పిల్లలది ఇంకో భ్రమ: ఆర్క్ కూడా జీఎఫ్‌పీ అనే పచ్చగా వెలిగే ప్రోటీన్ మాదిరి ధగధగలాడుతుందని. జీఎఫ్‌పీ వెయ్యి ఫోటాన్లు (వెలుగు రేణువులు) మింగితే ఆరువందల దాకా తిరిగిస్తుంది, ఆర్క్ ఒకటిస్తే గొప్ప. 2014లో హార్వర్డ్‌లో కోహెన్ బృందం ఆర్క్‌ను మార్చి తెచ్చిన క్వాసార్‌ ప్రోటీన్లు మెరుగే గానీ అవీ మసకే. పైగా ఆ వెలుగు 700 నానోమీటర్లు దాటినది, కంటికి ఆనదు. నల్ల తెర వెనక ఎర్ర లేజరేసి, సెకనుకు వెయ్యి ఫ్రేముల కెమెరాతో పట్టాల్సిందే.

నా మొదటి రికార్డింగులో గీత టకటకా ఎగిరితే స్పైకులు, అంటే న్యూరాన్ కరెంటు దెబ్బలు, అనుకుని అర్ధరాత్రి మా సార్‌ను లేపినా. తీరా చూస్తే ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా టేబులు వణుకుతోంది. అప్పటి నుంచి రికార్డింగ్ ఉంటే ఏసీ బంద్. మే నెల తిరుపతిలో, తలుపులేసిన చీకటి గదిలో.