వెనక బ్రేకు పెంచన్నా! ముందు వెనక బ్రేకుల పంపకం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కార్లు మాడిఫై చేసే పని మాది. బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, వెడల్పాటి టైర్లు, వెనక డ్రమ్ముల బదులు డిస్కులు వేయించుకునే కుర్రాళ్లు అంతా అయిపోయాక ఒక మాట అంటారు: “అన్నా, అట్లే వెనక బ్రేకు కూడా కొంచెం పెంచన్నా.” అల్లాయ్ రంగు ఎంచుకోడానికి వారం పట్టినవాళ్లే ఈ మాట మాత్రం టీ తాగుతూ తేల్చేస్తారు. ఘాట్ రోడ్డును ఆనుకుని ఉన్న ఊళ్లో ఇది అంత తేలిగ్గా తీసుకునే పని కాదు.

అపోహ: నాలుగు చక్రాలకూ సమానంగా పడితేనే బ్యాలెన్స్.

బ్రేకు తొక్కగానే బండి ముక్కు వంగుతుంది కదా. వెనక టైర్ల మీది బరువు కొంత ముందుకు వచ్చేస్తుంది. 1000 కిలోల కారు అనుకోండి. ఆగి ఉన్నప్పుడు ముందు 600, వెనక 400. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2.4 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంది. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే, టైర్ల పట్టు బండి బరువులో 80 శాతం ఉందనుకుంటే, దాదాపు 167 కిలోలు ముందుకు మారతాయి. అప్పుడు ముందు 767, వెనక 233. అంటే బ్రేకు పంపకం 77:23 దగ్గర ఉంటేనే నాలుగు టైర్లూ తమ పట్టు పూర్తిగా వాడుకున్నట్టు. అదే వానలో పట్టు సగానికి పడిపోతే 83 కిలోలే మారతాయి, పంపకం 68:32 అవుతుంది. బండి ఒకటే, డ్రైవర్ ఒకడే, మారింది రోడ్డు తడి. అన్నిటికీ సరిపోయే ఒక్క సెట్టింగ్ ఉండదు.

అపోహ: బండి కిందికి దించాం కాబట్టి బ్యాలెన్స్ మొత్తం మారిపోతుంది.

పై లెక్కలోనే 3 సెంటీమీటర్లు దించి చూడండి. 167 కాస్తా 157 అవుతుంది, తేడా పది కిలోలు. ఎత్తు మార్చకుండా మంచి గ్రిప్ ఉన్న టైర్లు వేసి పట్టును 80 నుంచి 90 శాతానికి పెంచితే మాత్రం 187 దాటుతుంది. స్ప్రింగుల గురించి అందరూ అడుగుతారు, టైర్ల గురించి ఎవరూ అడగరు.

అపోహ: వెనక చక్రం పట్టేస్తోందంటే బ్రేకు బాగా పనిచేస్తున్నట్టే.

ముందు చక్రాలు లాక్ అయితే, అంటే తిరగడం ఆగి జారితే, స్టీరింగ్ పలకదు, బండి తిన్నగా జారుతుంది. పెడల్ కొంచెం వదిలితే మళ్లీ చేతికొస్తుంది. వెనకవి ముందుగా లాక్ అయితే తోక పక్కకు తిరుగుతుంది, మామూలు డ్రైవర్‌కు అది సర్దుకునేంత టైమ్ ఉండదు. అందుకే కంపెనీలు ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా కావాలనే తయారుచేస్తాయి. వెనక బ్రేకు ‘తక్కువగా’ అనిపించడం లోపం కాదు.

అపోహ: ప్రపోర్షనింగ్ వాల్వ్ వేసి తిప్పితే వెనక బ్రేకు పెరుగుతుంది.

పెరగదు. ఆ వాల్వ్ చేసేది ఒక్కటే: ఒక స్థాయి దాటాక వెనక బ్రేకులకు వెళ్లే ప్రెషర్ పెరుగుదలను తగ్గించడం. నాబ్‌తో మనం మార్చేది ఆ స్థాయిని. పూర్తిగా తెరిచినా వాల్వ్ లేనప్పుడు వచ్చేంతే వస్తుంది. ముందు లైనులో దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో చాలావాటికి బ్రేకు లైన్లు ఎక్స్ ఆకారంలో ఉంటాయి: ముందు ఎడమ, వెనక కుడి ఒక సర్క్యూట్, మిగతా రెండూ ఇంకోటి. వెనకవైపు రెండు లైన్లనూ ఒక్క వాల్వ్‌లో కలిపేస్తే, ఒకచోట లీకైనా ఇంకో సర్క్యూట్ కాపాడాలన్న ఏర్పాటే పోతుంది. చెన్నై నుంచి కిట్ తెప్పించుకుని వచ్చేవాళ్లకు మొదట ఇదే చెప్పాల్సి వస్తుంది.

అపోహ: వెనక డిస్కులు వేస్తే వెనక బ్రేకు పెరిగినట్టే.

డ్రమ్ములో ముందువైపు షూను చక్రం తిరుగుడే లోపలికి లాక్కుంటుంది, తక్కువ ప్రెషర్‌తోనే గట్టిగా పడుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు. చిన్న క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) వేస్తే అదే పెడల్‌కు వెనక బ్రేకు తగ్గే అవకాశమే ఎక్కువ. పెద్ద పిస్టన్ క్యాలిపర్ వేస్తే పెడల్ లోతుకు పోతుంది. ఆ లోతు తగ్గించాలని పెద్ద మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది) వేస్తే పెడల్ గట్టిపడి ప్రెషర్ తగ్గుతుంది. డ్రమ్ములతో పాటే పోయే హ్యాండ్‌బ్రేక్ సంగతి అందరికీ చివర్లో గుర్తొస్తుంది.

అపోహ: సస్పెన్షన్ ఎత్తు మార్చడానికీ బ్రేకుకూ సంబంధం లేదు.

సుమోలు, పికప్‌ల లాంటి లోడు బండ్లలో చాలావాటికి వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. వాల్వ్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని నుంచి సన్నటి కడ్డీ ఒకటి యాక్సిల్‌కు వస్తుంది. లోడు ఎక్కి బాడీ కిందికి దిగితే కడ్డీ వాల్వ్‌ను నొక్కి వెనక ప్రెషర్ పెంచుతుంది. ఇప్పుడు లిఫ్ట్ కిట్‌తో బాడీని పైకి లేపామనుకోండి. ఎంత లోడు వేసినా వాల్వ్ ఖాళీ బండే అనుకుంటుంది, వెనక బ్రేకు సరిగా పడదు. కిందికి దించితే ఖాళీ బండిని కూడా నిండు బండి అనుకుంటుంది, వానలో వెనక లాక్ అవుతుంది. బండి ఎత్తు మారిస్తే కడ్డీ సెట్టింగ్ కూడా మార్చాలి. మా దగ్గరికి వచ్చే కొన్ని బండ్లలో ఆ కడ్డీ తుప్పుతో బిగుసుకుపోయో, బైండింగ్ వైరుతో కట్టేసో కనిపిస్తుంది.

అపోహ: బ్రేకు ప్యాడ్లు ఏవైనా ఒకటే.

ప్యాడ్ అంచున రెండు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక. ఈ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ ఎక్కువ. ముందు మాత్రమే జీ రకం వేస్తే ఒక్క నట్టు విప్పకుండానే బ్యాలెన్స్ ముందుకు జరిగినట్టు. వాల్వ్ కొనే ముందు ఆ అక్షరాలు చదవండి.

అపోహ: ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులోనూ వాల్వ్ వేయించుకోవచ్చు.

వద్దు. అక్కడ ముందు వెనక పంపకం ఈబీడీ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. మధ్యలో మన వాల్వ్ దూరితే దాని లెక్క తప్పుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది అదే.

అపోహ: కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టడం లేదంటే బ్యాలెన్స్ సరిచేయాలి.

1944లో వేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగడానికి వాడుతున్నాం. న్యూట్రల్‌లోనో టాప్ గేరులోనో కాలు బ్రేకు మీద పెట్టి దిగితే ఎక్కువ పని చేసే ముందు బ్రేకులే మొదట వేడెక్కుతాయి. వాటి పట్టు తగ్గేకొద్దీ పంపకం తనంతట తానే వెనక్కి జరుగుతుంది, కొండ కింద అలిపిరిలో సెట్ చేసుకున్నది దిగేటప్పుడు సగం దారిలో ఉండదు. దీనికి మందు రెండో గేరు, కొత్త బ్రేకు ఫ్లూయిడ్. ఫ్లూయిడ్ రకాల్లో కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140, 155కు పడిపోతాయి. ఫ్లూయిడ్ మరిగి పెడల్ స్పాంజిలా దిగితే వాల్వ్‌ను నిందించి లాభం లేదు.

ఇంతా విన్నాక కూడా వాల్వ్ వేయాల్సిన బండ్లు ఉంటాయి, ముఖ్యంగా రేసు ట్రాక్ కోసం కట్టినవి. అప్పుడు టైర్లు, ప్యాడ్లు, ఎత్తు అన్నీ తేలాకే దాని మీద చెయ్యి పెడతాం. లైన్లలో గాలి పూర్తిగా తీసి, ఖాళీ మైదానంలో, వెనక ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీస్తూ ఏ చక్రం మొదట లాక్ అవుతోందో చూస్తాం. ఈ టెస్టుకు ఫ్రెండ్స్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వస్తారు. అదే పొరపాటు. వెనక తేలిగ్గా ఉన్నప్పుడే వెనక చక్రం తొందరగా లాక్ అవుతుంది కాబట్టి డ్రైవర్ ఒక్కడితోనే చూడాలి. వెనక చక్రం లాక్ అయ్యే అంచు దొరికాక కొంత వెనక్కి తగ్గించి, నాబ్ మీద పెయింట్‌తో గీత పెట్టి లాక్ నట్ బిగిస్తాం. రోడ్డు మీద తిరిగే బండికి ఆ నాబ్‌ను డ్రైవర్ చేతికందేలా డ్యాష్‌బోర్డు దగ్గర పెట్టమని అడిగితే మాత్రం పెట్టం.