చిల్లకాయ తిన్న మంద

ఉదయగిరి, పామూరు, కనిగిరి మెట్టల్లో ఎండలు ముదిరి, బీళ్ళలో గడ్డి మాడి, చెరువుల అడుగులు నెర్రెలు విచ్చిన రోజుల్లో కూడా పచ్చగా కనిపించేది చిల్లచెట్టు. పుస్తకాలు సర్కారు తుమ్మ అని రాసే ఈ చెట్టు కిందికి గొర్రెలూ మేకలూ చేరినప్పుడు కాసేపు నిలబడి చూడాలి. ఆకలి మీద ఉన్న మేక సైతం నోటికి అందే ఆకును వదిలేసి, నేల మీద రాలిన పసుపుపచ్చ కాయలను ఏరుకుని తింటుంది. ఆకు దగ్గర మూతి తిప్పించే చెట్టే కాయ దగ్గరికి పిలుస్తుంది. ఈ రెండింటికీ కారణం ఒకటే అని నా అభిప్రాయం: ఆకును తింటే చెట్టుకు నష్టం, కాయను తింటే చెట్టుకు ప్రయాణం.

ఆకులోని టానిన్లు అనే వగరు పదార్థాలు నోటిలోనూ పొట్టలోనూ మాంసకృత్తులకు అతుక్కుని మేతను వగరుగా, అరగనిదిగా మారుస్తాయి. ఆకులలములు మేసే జింక జాతుల్లో కొన్నింటి లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండే ప్రత్యేకమైన మాంసకృత్తులు ఉంటాయి. అవి టానిన్లను ముందుగానే పట్టేసుకుని, మేతలోని మాంసకృత్తులు వృథా కాకుండా కాపాడతాయి. ప్రధానంగా గడ్డి మేసే గొర్రెకూ ఆవుకూ ఈ రక్షణ తక్కువ. టానిన్లకు తోడు చిల్లచెట్టులో ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలు కూడా ఉన్నాయి. ఇవి కాయలోనూ కొంత ఉండటం వల్ల, ఈశాన్య బ్రెజిల్‌లో నెలల తరబడి కాయలనే ప్రధాన మేతగా తిన్న పశువులకు దవడ కండరాలు క్షీణించి ముఖం వంకరపోయే జబ్బు వచ్చింది. అక్కడి రైతులు దానికి పెట్టుకున్న పేరుకు అర్థం కూడా వంకర ముఖమనే.

మితంగా తిన్నంత వరకు కాయ మంచి మేతే. తీయని గుజ్జు మధ్యలో, గట్టి పెంకులో విత్తు భద్రంగా ఉంటుంది. కాయ తనంతట తాను పగలదు కనుక విత్తును బయటికి తీసేందుకు ఒక నోరు కావాలి. గిత్త అయినా ఆవు అయినా అంతగా నమలకుండా మింగుతుంది. పేడలో చెక్కుచెదరని విత్తులు చాలా కనిపిస్తాయి. మేకా గొర్రే మెత్తగా నములుతాయి కాబట్టి వాటి పెంటికల్లో మిగిలేవి తక్కువ. పొట్ట గుండా వెళ్ళిన విత్తుకు పైపెంకు కొంత సడలి మొలక సులువవుతుంది. కాయలో దాగిన పురుగుల సంగతి కూడా ఉంది: ఆఫ్రికా తుమ్మజాతి చెట్ల మీద 1974లో వెలువడిన పరిశీలన ప్రకారం, పురుగు విత్తును తినేయకముందే జంతువు కాయను తింటే, ఆ పురుగు పిల్లలు పొట్టలోనే చచ్చి విత్తు బతుకుతుంది.

విత్తు వెళ్ళే దారి ప్రతిసారీ పేగుల గుండానే ఉండదు. మన నల్లతుమ్మ కాయలు తిన్న మేకలు రాత్రి దొడ్డిలో నెమరు వేస్తూ విత్తులను ఉమ్మేస్తాయి. అలా దొడ్డిలో ఏరిన విత్తులు బాగా మొలుస్తాయని అడవుల పెంపకం చేసేవారికి చాలాకాలంగా తెలుసు. మొరాకోలో ఆర్గాన్ చెట్లెక్కి పండ్లు తినే మేకలు కూడా నెమరు వేసేటప్పుడే గింజలను ఉమ్మివేస్తాయని స్పెయిన్ పరిశోధకులు 2017లో ప్రకటించారు. పేడను మాత్రమే వెతికితే ఈ విత్తులు లెక్కకే రావు.

చిల్లచెట్టు ఇక్కడిది కాదు. జమైకా నుంచి తెప్పించిన విత్తులను 1877లో మన పొరుగునే ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. దాని సొంత గడ్డ అయిన అమెరికా ఖండాల్లో ఇంత పెద్ద తీపి కాయలను ఎవరు తినేవారన్నది నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించే ప్రశ్న. శాస్త్రవేత్తలు డేనియల్ జాన్జెన్, పాల్ మార్టిన్ 1982లో ఒక సమాధానం ప్రతిపాదించారు: ఏనుగును పోలిన గోంఫోథీర్లు, నేల మీద తిరిగే స్లాత్‌లనే భారీ శాకాహారులు, ప్రాచీన గుర్రాలు సుమారు పది వేల ఏళ్ళ కిందట అంతరించాయి, ఇలాంటి కాయలు ఆ జంతువుల కోసమే రూపుదిద్దుకుని, తినేవారు పోయాక కూడా అలాగే మిగిలాయి. అన్ని కాయల విషయంలోనూ ఈ వాదన నెగ్గలేదు, చర్చ సాగుతూనే ఉంది. అయినా ఆ కోణంలో చూస్తే, ఎప్పుడో ఖాళీ అయిన ఒక పనిని సముద్రాలకు ఇవతల మన ఒంగోలు పశువులూ నెల్లూరు గొర్రెలూ చేపట్టాయి.

పెంపుడు పశువులతోనే ఇది ఆగలేదు. గుజరాత్‌లోని వెలవదర్ గడ్డిమైదానంలో భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు కృష్ణజింకలను పరిశీలించి 2013లో వివరాలు ప్రచురించారు. జతకట్టే కాలంలో మగజింక తన హద్దులో ఒకేచోట పదేపదే పెంటికలు వేస్తుంది. దాంతో చిల్ల విత్తులు చెట్ల గుంపు నుంచి బయలుగా ఉన్న గడ్డినేలకు చేరి అక్కడ గుమిగూడుతాయి. జింకకు కావలసిన బయలునే జింక పోగొట్టుకుంటోంది.

సుబాబుల్ కథ దీనికి తిరగబడింది. ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లుల కోసం ఎకరాలకొద్దీ వేసిన ఈ చెట్టుకు ఆకే రుచికరం, ఆ ఆకులో విషమూ ఉంది. అందులోని మైమోసిన్ గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు రాల్చేస్తుంది. నెమరువేసే పశువుల మొదటి పొట్టలో మరో పదార్థంగా మారి గొంతు దగ్గరి థైరాయిడ్‌ను ఉబ్బిస్తుంది. ఆస్ట్రేలియా పశువులకు ఈ బాధ ఉండగా, అదే ఆకు మేసే హవాయి మేకలు ఆరోగ్యంగా ఉండటం ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ గమనించారు. తేడా మేకలో కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవుల్లో ఉందని ఆయన అనుమానించారు. హవాయి మేకల పొట్టలోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే విషం విరిగిందని 1986లో తేలింది. 1992లో ఆ బాక్టీరియాకు సినర్జిస్టెస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు. మేతలో సుబాబుల్ ఆకు మూడో వంతు మించకూడదన్న పశువైద్యుల సలహా వెనుక ఉన్నది ఈ మైమోసినే.

చిల్లకాయ విషయంలో కాపరి చేయగలిగింది ఎక్కువే. కాయలను ఏరి, ఎండబెట్టి, పొడి కొట్టించి పెడితే మేత దక్కుతుంది, విత్తు నలిగిపోతుంది. కాయలు మేసిన మందను చిల్ల లేని బీడుకు తోలేముందు కొన్ని రోజులు దొడ్డిలోనే ఆపితే పొట్టలోని విత్తులు చాలావరకు అక్కడే పడతాయి. ఆ పెంటను మాగనివ్వకుండా చేలోకి తోలితే మాత్రం, ఈశాన్య రుతుపవనాల వానలకు పైరుతోపాటు చిల్ల మొలకలూ లేస్తాయి. రెండాకుల మీద ఉన్నప్పుడు వాటిని వేళ్ళతో పీకవచ్చు. ఏడాది దాటితే గొడ్డలితో నరికినా మోడు నుంచి మళ్ళీ చిగురిస్తాయి.