ఈవెంట్5 అంటే ఏ మౌస్?

లైనక్స్ ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ మౌస్ పెడితే దానికి ఈవెంట్5 అన్న పేరు పడిందనుకుందాం. రీస్టార్ట్ చేశాక అదే మౌస్ ఈవెంట్7 కావచ్చు. ఆ అంకెను ప్రోగ్రామ్‌లో రాసిపెట్టుకున్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

మొదట్లో వాడినవి పరికరాల పేర్లు కావు, పోర్టుల పేర్లు. సీరియల్ పోర్టులో మౌస్ ఉంటే టీటీవైఎస్0, పీఎస్/2 పోర్టులో ఉంటే పీఎస్ఆక్స్. మౌస్ ఏ ప్రోటోకాల్ (సమాచారం పంపే పద్ధతి) వాడుతుందో, తెరమీద కిటికీలూ పాయింటరూ చూపే ఎక్స్ సర్వర్ అన్న ప్రోగ్రామ్ కాన్ఫిగ్ ఫైల్‌లో మనమే రాయాలి. తప్పు రాశామా, పాయింటర్ తెరంతా గెంతేది. కానీ పోర్టు కదలదు కాబట్టి పేరూ కదిలేది కాదు.

ఎప్పుడు పడితే అప్పుడు పెట్టి తీసే యూఎస్‌బీతో ఆ లెక్క తప్పింది. కీబోర్డు, మౌస్‌ల లాంటివాటిని చూసుకునే ఇన్‌పుట్ సబ్‌సిస్టమ్‌ని వోయ్‌టెక్ పావ్లిక్ రాశాడు. అది 2001లో 2.4 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లైనక్స్ మూల ప్రోగ్రామ్) అందరికీ చేరింది. కీబోర్డు, మౌస్, జాయ్‌స్టిక్ అన్నీ ఒకే రకం ఈవెంట్లు పంపడం మొదలైంది. ఇది చాలా పెద్ద మేలు. పేర్లు మాత్రం కెర్నెల్‌కి కనబడిన వరుసలో ఇచ్చిన అంకెలే.

పేర్లు కెర్నెల్లోనే పెట్టాలన్నది డెవ్‌ఎఫ్ఎస్ అన్న పాత ఏర్పాటు పద్ధతి. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ తెచ్చిన యూడెవ్ దీన్ని తిరగేసింది. కెర్నెల్ వివరాలు చెబితే చాలు, పేరు బయటి ప్రోగ్రామ్ పెట్టుకుంటుంది. 2006లో 2.6.18 వచ్చేసరికి డెవ్‌ఎఫ్ఎస్‌ని తీసేశారు. యూడెవ్ ఇచ్చే బై-ఐడీ లింకు కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్లతో తయారవుతుంది. సీరియల్ నంబరు లేని మౌస్‌లు బోలెడు. అలాంటివి ఒకే మోడల్‌వి రెండు పెడితే రెండింటికీ ఒకే లింకు! అప్పుడు పోర్టును బట్టి పేరు పెట్టే బై-పాత్ దిక్కు. అంటే తిరిగి తిరిగి పాత చోటికే వచ్చామన్నమాట.

అందుకే డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) రాసేవాళ్లు నేమ్ (పేరు), ఫిజ్ (ఎక్కడ తగిలించి ఉందో), యూనిక్ (సీరియల్ నంబరు లాంటి గుర్తు), ఐడీ (కంపెనీ, మోడల్ అంకెలు) అన్న నాలుగు ఫీల్డులనీ శ్రద్ధగా నింపాలి. ల్యాప్‌టాప్ కీబోర్డు ఫిజ్ చూడండి, ఐఎస్ఏ0060/సీరియో0/ఇన్‌పుట్0 అని ఉంటుంది. అందులో 60 అన్నది కీబోర్డు కంట్రోలర్ పోర్టు అడ్రస్. పరికరం ఎక్కడుందో ఆ ఒక్క ముక్కే చెప్పేస్తుంది. నేమ్‌ని మాత్రం ఒకసారి బయటికి వదిలాక అందంగా లేదని మార్చకూడదు. ఆ పేరు పట్టుకుని సెట్టింగులు రాసుకున్నవాళ్లు ఉంటారు.

బటన్ల పేర్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఎక్స్‌బాక్స్ గేమ్ ప్యాడ్‌లో 'ఏ' (A) అన్న అక్షరం ఉన్న బటన్ కింద ఉంటుంది, నింటెండో ప్యాడ్‌లో కుడివైపు ఉంటుంది. అందుకే అక్షరాలు వదిలేసి సౌత్, ఈస్ట్, నార్త్, వెస్ట్ అని స్థానాన్ని బట్టి పేర్లు పెట్టారు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి, మొదటి నుంచీ ఉండాల్సింది. కానీ ఎక్స్ (X) బటన్ అన్న పాత పేరునీ నార్త్ అన్న కొత్త పేరునీ ఒకే కోడ్‌కి కట్టారు. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో ఎక్స్ ఉండేది ఎడమవైపు. దాని డ్రైవర్ ఇప్పటికీ ఎడమ బటన్ నొక్కితే నార్త్ కోడే పంపుతోంది. సరిచేస్తే ఆ కోడ్‌ని నమ్ముకున్న పాత ఆటలన్నీ తప్పు బటన్‌కి స్పందిస్తాయి.