ఎనభై పైసల వడ్డీ వెనక ఉన్న లెక్క: కారు అప్పులపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఒక బ్యాంకు వాహన రుణాల విభాగంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మైలేజీ గురించి, సీటు కవర్ల గురించి అరగంట ఆరా తీసే మనిషి అప్పు దగ్గరికి వచ్చేసరికి "నెలకెంత పడుతుందండీ?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవడం నేను దాదాపు రోజూ చూస్తుంటాను. అధిక వడ్డీ దాగి ఉండేది ఆ ప్రశ్నకు వచ్చే జవాబులోనే.

అపోహ: ఎనభై పైసల వడ్డీ అంటే ఊళ్లో అప్పుకన్నా, బ్యాంకు అప్పుకన్నా చవక.

కిందటేడు ఒక రిటైర్డు మాస్టారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, పాత కారు కోసం బయట తీసుకున్న ఫైనాన్స్ కొటేషన్ నా బల్లమీద పెట్టారు. "మా ఊళ్లో రెండు రూపాయలకు తక్కువ ఎవరూ ఇవ్వరండీ. వీళ్లు ఎనభై పైసలే అంటున్నారు. మీరేమో పన్నెండు శాతం, అంటే రూపాయి అంటున్నారు. మీ దగ్గర ఎందుకు తీసుకోవాలి?" అని సూటిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఊళ్లో ప్రాంసరీ నోటు మీద తెచ్చిన అసలు గడువు తీరేదాకా మొత్తం మన చేతిలోనే ఉంటుంది కాబట్టి మొత్తానికీ వడ్డీ కట్టడంలో అర్థముంది. కిస్తీల అప్పులో మాత్రం ప్రతి నెలా అసలు కొంత వెనక్కి ఇచ్చేస్తూ ఉంటాం. ఫ్లాట్ రేటు అని పిలిచే పద్ధతిలో, ఇలా వెనక్కి ఇచ్చేసిన డబ్బుకు కూడా చివరి నెల దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. మాస్టారి కొటేషన్‌లో అప్పు 5 లక్షలు, గడువు 60 నెలలు. నూటికి నెలకు 80 పైసల చొప్పున వడ్డీ 2,40,000 రూపాయలు, కిస్తీ 12,333 రూపాయలు. ఈ కిస్తీలో అసలు కింద పోయేది 8,333, వడ్డీ 4,000. అరవయ్యో నెలలో ఆయన బాకీ ఉండేది 8,333 రూపాయలే అయినా, ఆ నెలా వడ్డీ 4,000 కట్టాల్సిందే. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఈ ఎనభై పైసలు ఏడాదికి 16.6 శాతానికి పైమాటే, మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకు దాదాపు రూపాయి నలభై పైసలు. తగ్గే బాకీ మీద పన్నెండు శాతానికి అదే అప్పు తీసుకుంటే కిస్తీ 11,122 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 1,67,000. అంటే 'రూపాయి' వడ్డీ 'ఎనభై పైసల' వడ్డీకన్నా 73 వేలు చవక. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కావడంతో ఆయన ఆ కొటేషన్ వెనకవైపే ఇదంతా మళ్లీ వేసి చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ తికమకను తప్పించడానికే 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త వ్యక్తిగత రుణాలన్నిటికీ, కారు అప్పులతో సహా, 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే పత్రాన్ని అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వడ్డీతోపాటు ప్రాసెసింగ్ ఫీజు వంటి ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు అందులో ఏపీఆర్ అన్న పేరుతో ఉంటుంది. ఇద్దరు రుణదాతలను పోల్చదలిస్తే చూడవలసిన అంకె అదొక్కటే. అందులో చూపని ఏ రుసుమునూ మీ స్పష్టమైన సమ్మతి లేకుండా తరవాత వసూలు చేయకూడదు.

అపోహ: కిస్తీ తగ్గితే భారం తగ్గినట్టే, డౌన్‌పేమెంట్ లేకుండా బండి వస్తే ఇంకా మంచిది.

ఎక్స్‌షోరూం ధర 6 లక్షలున్న కారుకు లైఫ్ టాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ కలిసి ఆన్‌రోడ్ ధర 7 లక్షలైందని, ఆ మొత్తమంతా 14 శాతానికి అప్పుగా దొరికిందని అనుకుందాం. అయిదేళ్లకైతే కిస్తీ సుమారు 16,290 రూపాయలు, ఏడేళ్లకైతే 13,120. నెలకు మూడు వేల పైచిలుకు మిగిలినట్టు కనిపిస్తుంది కానీ మొత్తం వడ్డీ 2.77 లక్షల నుంచి 4.02 లక్షలకు పెరుగుతుంది.

అంతకన్నా ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. ఏడేళ్ల అప్పులో మూడేళ్లపాటు ఒక్క కిస్తీ కూడా తప్పకుండా కట్టినా ఇంకా 4.8 లక్షల బాకీ ఉంటుంది. మూడేళ్లు దాటిన కారుకు బీమా పాలసీలో ఎక్స్‌షోరూం ధర మీద 40 శాతం తరుగు తీస్తారు కాబట్టి దాని విలువ 3.6 లక్షల దగ్గరే ఉంటుంది. ఆ దశలో ప్రమాదం జరిగి బండి పూర్తిగా పాడైపోతే, బీమా సొమ్ము ముందుగా రుణదాతకు చేరుతుంది. మిగిలిన లక్షా ఇరవై వేలు, కళ్లముందు లేని కారు కోసం, యజమాని కట్టుకోవాలి. డౌన్‌పేమెంట్ కట్టమని నేను పట్టుబట్టినప్పుడల్లా బ్యాంకు లాభం కోసమే అనుకునేవారున్నారు. నిజానికి అప్పు పెద్దదైతే బ్యాంకుకు వచ్చే వడ్డీ ఎక్కువ.

అపోహ: షోరూంలో చెప్పిన లోను, బీమా అన్నీ ఒకే ప్యాకేజీ, విడదీయడం కుదరదు.

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. అప్పు ఉన్నంతకాలం సమగ్ర బీమా ఉండాలని రుణ ఒప్పందాలు సాధారణంగా కోరతాయి, అది సబబే. అయితే ఆ పాలసీని మీకు నచ్చిన కంపెనీ నుంచి తెచ్చుకోవచ్చు. అప్పు తీసుకున్న వ్యక్తి ప్రాణానికి చేసే రుణ బీమా మాత్రం ఐచ్ఛికం. దాని ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తే ఆ ప్రీమియానికీ ఏళ్ల తరబడి వడ్డీ కడతాం. లోను ఇప్పించినందుకు డీలరుకు రుణదాత నుంచి కమీషను ముట్టడం మా రంగంలో మామూలే కాబట్టి, అక్కడ చూపించిన రేటే ఆఖరి రేటని నమ్మనక్కరలేదు.

అపోహ: ఎప్పుడు కావాలంటే అప్పుడు ముందే తీర్చేసి వడ్డీ మిగుల్చుకోవచ్చు.

2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రేటు (గడువు మధ్యలో మారే వడ్డీ రేటు) రుణాలను వ్యాపారేతర అవసరానికి తీసుకున్న వ్యక్తులు ముందే తీర్చేస్తే రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. మన దగ్గర కారు అప్పుల్లో ఎక్కువ భాగం స్థిర రేటువి కావడంతో వాటికి ఫోర్‌క్లోజర్ చార్జీ, అంటే ముందే తీర్చేసినందుకు వేసే రుసుము, ఇంకా పడవచ్చు. పైగా వడ్డీలో పెద్ద వాటా మొదటి సగంలోనే కట్టేసి ఉంటాం కనుక, ఆఖరి ఏడాదిలో తీర్చేస్తే మిగిలేది స్వల్పం.

అపోహ: కట్టలేకపోతే బండి అప్పగిస్తే సరిపోతుంది.

సరిపోదు. వేలంలో వచ్చిన సొమ్మును బాకీ నుంచి తీసివేసి, మిగిలిన దానికి రుణగ్రహీతనే అడుగుతారు. భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం పూచీదారు బాధ్యత అసలు రుణగ్రహీతతో సమానం కాబట్టి, స్నేహం కొద్దీ సంతకం పెట్టిన బావమరిదికి కూడా నోటీసు వెళుతుంది. అలాగని బండిని నడిరోడ్డు మీద ఆపి తాళాలు లాక్కునే హక్కు వసూలు మనుషులకు లేదు. స్వాధీనానికి ముందు ఇవ్వాల్సిన నోటీసు గడువు, వేలానికి ముందు బాకీ తీర్చుకునేందుకు ఆఖరి అవకాశం ఒప్పందంలోనే రాసి ఉండాలి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరవాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. కిస్తీ కష్టమయ్యేట్టుంటే, అది తప్పకముందే శాఖకు వచ్చి గడువు సవరించమని రాతపూర్వకంగా అడగడం మేలు.

అపోహ: ఆఖరి కిస్తీతో అంతా ముగిసినట్టే.

ఆర్‌సీలో రుణదాత పేరిట ఉన్న హైపోథికేషన్, అంటే బండి అప్పుకు తాకట్టులో ఉందన్న నమోదు, తనంతట తాను పోదు. రుణదాత నుంచి అభ్యంతరం లేదని తెలిపే ఎన్‌వోసీతోపాటు సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో దాన్ని రద్దు చేయించుకోవాలి. అప్పు తీరి చాలా ఏళ్లయ్యాక, కారు అమ్మడానికి బేరం కుదిరిన రోజున, ఆ కాగితాల కోసం పరుగున మా శాఖకు వచ్చేవారు నెలకు ఇద్దరైనా కనిపిస్తారు.